మీ రక్తం ట్యూబు రోబో చేతిలో పడితే రిపోర్టులో ఏం మారుతుంది?

పొద్దున్నే పరగడుపున వెళ్లి రక్తం ఇస్తారు. సాయంత్రానికి మొబైల్‌కు రిపోర్టు వస్తుంది. షుగర్ ఎంత, క్రియాటినిన్ ఎంత అని అంకెలు చూసుకుంటారు. మధ్యలో ఆ ట్యూబు ఎన్ని చేతులు మారిందో, ఎంతసేపు ఏ బల్ల మీద ఉందో మనం అడగం. కానీ ల్యాబ్‌లలో పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. వైద్య అధ్యయనాల్లో తరచూ కనిపించే లెక్క ప్రకారం, ల్యాబ్ పొరపాట్లలో సుమారు 60 నుంచి 70 శాతం మెషిన్ పరీక్ష మొదలుపెట్టకముందే జరిగిపోతున్నాయి. ట్యూబు మారడం, లేబుల్ తప్పడం, రక్తం సరిపోకపోవడం, ఆలస్యం కావడం ఇలాంటివే.

ఈ దశలో కొంత పనిని ఇప్పుడు రోబో చేతులకు అప్పగిస్తున్నారు.

ల్యాబ్‌లో మెషిన్లు ఇప్పటికే ఉన్నాయి కదా?

ఉన్నాయి. మన నగరాల్లో ఓ మోస్తరు ల్యాబ్‌కు వెళ్లినా ఆటో ఎనలైజర్ కనిపిస్తుంది. ట్యూబు పెడితే చాలు, అదే రక్తాన్ని పీల్చుకుని రసాయనం కలిపి అంకె ఇస్తుంది. అయితే ఆ ట్యూబును విప్పి, చదివి, వేరుచేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మెషిన్ దాకా చేర్చేది మాత్రం మనిషే. రోబో చేయి చేసేది ఈ మోత పనే. జపాన్‌లోని కోచి మెడికల్ స్కూల్‌లో డాక్టర్ మసాహిదే ససాకి 1980ల మొదట్లోనే కన్వేయర్ బెల్టులు, రోబోలతో ఇలాంటి ల్యాబ్ నడిపి చూపించారు. అంటే ఆలోచన పాతదే. చేతులు చిన్నవై, మనుషుల పక్కనే పెట్టుకునేంత భద్రంగా మారింది మాత్రం ఈ మధ్యే.

డెన్మార్క్‌లో ఓ ప్రభుత్వ ఆసుపత్రి

కోపెన్‌హాగన్‌లోని జెంటోఫ్టే ఆసుపత్రి ల్యాబ్‌లో రెండు రోబో చేతులు పెట్టారు. అదే దేశానికి చెందిన యూనివర్సల్ రోబోట్స్ తయారుచేసిన యూఆర్5 రకం. ఒక్కోటి 18 కిలోల పైచిలుకు బరువు ఉంటుంది, 5 కిలోల దాకా ఎత్తగలదు. ఇక్కడ ఎత్తాల్సింది మాత్రం వేలెడంత ట్యూబు!

మొదటి చేయి ట్యూబును తీసి బార్‌కోడ్ స్కానర్ ముందు పెడుతుంది. కెమెరా మూత రంగును ఫొటో తీస్తుంది. ఆ రంగును బట్టి ట్యూబు నాలుగు ర్యాకుల్లో ఒకదానిలోకి వెళ్తుంది. రెండో చేయి అక్కడి నుంచి తీసి, సెంట్రిఫ్యూజ్‌కు, పరీక్షకు వెళ్లే వరుసలో పెడుతుంది. నిమిషానికి ఏడెనిమిది ట్యూబులు. చురుకైన టెక్నీషియన్ కొద్దిసేపు ఇంతకన్నా వేగంగానే చేయగలరు. కానీ ఆరో గంటలోనూ అదే వేగం, అదే శ్రద్ధ ఎవరికైనా కష్టం. ల్యాబ్‌కు వచ్చే నమూనాలు 20 శాతం పెరిగినా 90 శాతానికి పైగా ఫలితాలు గంటలోపే ఇవ్వగలుగుతున్నామని ఆ ఆసుపత్రి చెప్పింది.

గంట ఆలస్యమైతే ఏమవుతుంది?

ట్యూబులోకి వెళ్లాక కూడా రక్త కణాలు బతికే ఉంటాయి. అందులోని చక్కెరను తింటూనే ఉంటాయి. కణాలను వేరుచేయకుండా మామూలు ట్యూబును గది వేడిలో వదిలేస్తే గ్లూకోజ్ గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. పరగడుపు షుగర్ 126 దాటితే డయాబెటిస్‌గా అనుమానిస్తారు. అసలు 128 ఉన్న వ్యక్తి ట్యూబు రెండు గంటలు అలాగే ఉండిపోతే రిపోర్టులో 110, 115 మధ్య రావచ్చు. ఆయన ‘పర్లేదు, బోర్డర్‌లో ఉన్నా’ అనుకుని ఇంటికి వెళ్లిపోతారు. షుగర్ పరీక్షకు బూడిద రంగు మూత ట్యూబు వాడేది ఇందుకే. అందులోని ఫ్లోరైడ్ ఈ తగ్గుదలను కొంతవరకు అడ్డుకుంటుంది.

పొటాషియం సంగతి ఇంకోలా ఉంటుంది. అది కణాల లోపల ఎన్నో రెట్లు ఎక్కువ. ట్యూబును గట్టిగా కుదిపినా, రక్తం తీసేటప్పుడు కణాలు చిట్లినా బయటకు వచ్చేసి రిపోర్టులో లేని ప్రమాదాన్ని చూపిస్తుంది.

మన దగ్గర ఎందుకు పట్టించుకోవాలి?

తెలంగాణలో 2018లో మొదలైన టీ-డయాగ్నస్టిక్స్‌ను చూడండి. బస్తీ దవాఖానాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మీ రక్తం తీస్తారు. అది హబ్‌కు చేరుతుంది. అక్కడ పరీక్ష చేసి రిపోర్టు పంపుతారు. పేదవారికి డబ్బు ఖర్చు లేకుండా పెద్ద ల్యాబ్ అందించే మంచి పద్ధతి ఇది. కాకపోతే ఎక్కడెక్కడి ట్యూబులో ఒకేచోటికి చేరతాయి. వేరుచేసే బల్ల దగ్గర రద్దీ పెరిగితే ఎనలైజర్ ఎంత ఖరీదైనదైనా ఖాళీగా ఎదురుచూడాల్సిందే. అందుకే కొత్త ఎనలైజర్ కొన్నామని ప్రకటన చూసినప్పుడు, ఆ బల్ల దగ్గర ఏం మారిందని కూడా అడగాలి.

కొవిడ్ సమయంలో మనం ఈ తేడా చూశాం. 2020 మేలో ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రంలో కోబాస్ 6800 అనే మెషిన్ పెట్టారు. రోబోటిక్స్‌తో పనిచేసే ఆ మెషిన్ 24 గంటల్లో సుమారు 1,200 నమూనాలు పరీక్షించగలదు. వైరస్ ఉన్న నమూనాను సిబ్బంది తక్కువగా తాకాల్సి రావడం అప్పట్లో వేగానికి సమానమైన లాభం.

ఉద్యోగాల భయం సహజమే. నా లెక్కలో మాత్రం రోజంతా మూతల రంగులు చూసే పని పోయినందుకు బాధపడే టెక్నీషియన్లు తక్కువే. అనుమానం వచ్చిన ఫలితాన్ని మళ్లీ చూడటానికి మనిషే కావాలి.

రోబోకు తెలియనిది

రోబో బార్‌కోడ్‌ను నమ్ముతుంది. మీ ట్యూబుకు పక్క కుర్చీలో కూర్చున్నవారి స్టిక్కర్ అంటిస్తే, ఆ తప్పును ఎంతో శ్రద్ధగా, క్షణం వృథా చేయకుండా ముందుకు పంపేస్తుంది. మూత రంగు చూస్తుంది కానీ లోపల ఏం కలిసిందో దానికి తెలియదు. ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది. రక్తం చాల్లేదని దాన్నుంచి కాస్త వేరే ట్యూబులో పోస్తే పొటాషియం విపరీతంగా పెరిగినట్టు, కాల్షియం పడిపోయినట్టు కనిపిస్తుంది.

కాబట్టి సూది దగ్గర జాగ్రత్త ఇప్పటికీ మీదే. రక్తం తీసేవారు ‘మీ పేరు సుబ్బారావేనా?’ అని అడిగితే ‘అవును’ అని ఊరుకోకండి. పూర్తి పేరు, వయసు మీ నోటితో చెప్పండి. స్టిక్కర్ మీ ముందే, మీరు కుర్చీ దిగకముందే అంటించమనండి. పేరు చదవండి. మొహమాటం అక్కర్లేదు, మంచి ల్యాబ్‌లలో పద్ధతే అది. ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకునేవారైతే ఇంకా ఎన్ని ఇళ్లకు వెళ్లాలో, ల్యాబ్‌కు ఎప్పుడు చేరుస్తారో అడగండి. రిపోర్టులో శాంపిల్ తీసిన సమయం, ల్యాబ్‌కు అందిన సమయం వేర్వేరుగా ఉంటే రెండింటి మధ్య తేడా చూడండి.

మీ ఒంట్లో పరిస్థితికి ఏమాత్రం పొంతన లేని అంకె వస్తే, మందు మార్చకముందే డాక్టర్‌కు చూపించి మళ్లీ పరీక్ష అడగండి. ల్యాబ్‌లు ట్యూబులను కొద్దికాలమే దాచి ఉంచుతాయి. అనుమానం ఉంటే అదే రోజు ఫోన్ చేయడం మేలు.