చర్మముపై ఊదా మచ్చలు

1872లో వియన్నా నగరమున మోరిట్జ్ కపోసీ అను చర్మవైద్యుడు ఒక వింత వ్యాధిని వర్ణించెను. రోగుల పాదములపై ఊదారంగు మచ్చలు పుట్టి, క్రమముగా గడ్డలగుచుండెను. ఇదియే కపోసీ సార్కోమా అను కాన్సరు. మధ్యధరా ప్రాంతపు వృద్ధులలో ఇది సాధారణముగా ఏండ్ల తరబడి మెల్లగా సాగును. కాని 1981లో న్యూయార్కు, కాలిఫోర్నియాలలో అంతవరకు ఆరోగ్యముగా నున్న యువకులలో ఇదే వ్యాధి ఉధృతముగా కనిపించెను. ఈ భేదమునకు కారణమేమి?

కారణములు రెండు. మొదటిది 1994లో బయటపడినది. కొలంబియా విశ్వవిద్యాలయమున యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు ఈ గడ్డలలో ఒక క్రొత్త హెర్పిస్ వైరసు జాడను కనుగొనిరి. దీనిని హెచ్.హెచ్.వి.-8 అందురు. ఇది రక్తనాళముల లోపొర కణములలో చేరగా, అవి కదురువలె సాగి, అదుపు లేక పెరుగును. అచట పుట్టు సన్నని నాళములనుండి ఎర్ర కణములు వెలికి కారుటచేతనే మచ్చకు ఊదారంగు కలుగును.

అయినను ఈ వైరసు గలవారిలో అత్యధికులకు కాన్సరు రాదు. రెండవ కారణము రక్షకశక్తి తగ్గుట. మంచెపై కాపరి యున్నంతవరకు పిట్టలు చేనిపై వ్రాలవు. దేహమున అట్టి కాపరులలో ముఖ్యమైనవి సి.డి.4 అను తెల్ల కణములు. ఇవి ఇతర రక్షక కణములను మేల్కొల్పి శత్రువుపైకి పంపును. ఆరోగ్యవంతుని రక్తమున ఘన మిల్లీమీటరునకు ఇవి సుమారు 500 నుండి 1,500 వరకు ఉండును. ఎయిడ్సును కలిగించు హెచ్.ఐ.వి. ఈ కణములనే క్రమముగా క్షీణింపజేయును.

దీనికి మరియొక నిదర్శనము కలదు. మూత్రపిండమును మార్చుకొన్నవారికి రక్షకశక్తిని అణచు మందులిత్తురు. వారిలో కొందరికి హెచ్.ఐ.వి. లేకయే ఈ కాన్సరు వచ్చును. ఆ మందులను తగ్గించినచో గడ్డలు తరచు తగ్గుముఖము పట్టును.

కావున వైద్యులు గడ్డను మాత్రమే చూచి రోగి భవిష్యత్తును నిర్ణయింపరు. 1989లో ఏర్పడిన పద్ధతి ననుసరించి గడ్డల వ్యాప్తిని, సి.డి.4 కణముల సంఖ్యను, ఇతర రోగలక్షణములను పరిశీలింతురు. కణముల సంఖ్య 200కు దిగువనున్న ప్రమాదము హెచ్చని మొదట తలచిరి. 1997లో ఆ హద్దును 150కి సవరించిరి.

1996 నుండి అనేక మందులను కలిపి వాడుటచే, ఆ చికిత్స లభించిన దేశములలో ఎయిడ్సు రోగులకు ఈ కాన్సరు వచ్చుట ఎంతయో తగ్గినది. వ్యాధి మిక్కిలి వ్యాపించినచో కాన్సరు మందులును అవసరము. చికిత్స ప్రారంభించిన తొలి వారములలో కొందరికి మచ్చలు హెచ్చవచ్చును. మేల్కొన్న రక్షక కణముల అలజడియే దీనికి కారణము. అంతమాత్రమున రోగి తనంతట మందు మానరాదు.

మన దేశమున 2004 నుండి హెచ్.ఐ.వి. మందులను ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా ఇచ్చుచున్నారు. మచ్చ కనబడువరకు వేచియుండక, ముందుగనే రక్తపరీక్ష చేయించుకొన్నవారికి రక్షక కణములు తరుగకమునుపే చికిత్స లభించును.