రోహిణి జల్లుకు విత్తనం విప్పవద్దు
నల్లగొండ, పాలమూరు మెట్టలో వాతావరణం, వచ్చే వారం సూచనలు

రోహిణి కార్తె చివరికి వచ్చేసరికి నల్లగొండ, పాలమూరు మార్కెట్లలో సరకు మాట తగ్గి మబ్బు మాట పెరుగుతుంది. కల్లంలో మిగిలిన యాసంగి ధాన్యానికి వాన కీడు. దున్ని ఉంచిన చల్కకు అదే వాన మేలు. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర ప్రవేశించే వరకు గడిచే ఈ వారం రోజుల్లో తొందరపడిన రైతుకు విత్తనం ఖర్చు రెండింతలవుతుంది.

ఈ రోజుల్లో పగటి ఎండ సాధారణంగా 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. సాయంత్రం ఉరుములు, ఈదురుగాలితో జల్లులు పడతాయి. వేడెక్కిన నేల మీద లేచే మబ్బుల వాన కనుక ఒక ఊరు తడిస్తే పొరుగూరిలో దుమ్ము లేస్తుంది. 2024 మే 26న ఇటువంటి గాలివాన నాగర్‌కర్నూల్ ప్రాంతంలో ప్రాణాలు తీసింది.

నైరుతి రుతుపవనాల రాక ఏటా ఒకే తీరుగా ఉండదు. 2023లో అవి తెలంగాణలో ప్రవేశించింది జూన్ 22న. 2024లో జూన్ 3నే వచ్చాయి. 2025లో మే 24న కేరళను తాకి, మే 26 నాటికి మహబూబ్‌నగర్ వరకు విస్తరించాయి. అప్పటికి రోహిణి మొదలై రెండు రోజులే. కాని మే నెలాఖరు నుంచి జూన్ మధ్య వరకు వాటి పురోగతి నిలిచిపోయింది. రుతుపవనాలు వచ్చాయన్న వార్త విని పొడి చల్కలో గింజ వేసిన రైతుకు ఇటువంటి విరామమే పరీక్ష.

కాబట్టి చూడవలసినది కురిసిన వాన లెక్క. పత్తి విత్తడానికి తేలిక నేలల్లో 50 నుంచి 60, నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వర్షం పడాలని వ్యవసాయ శాస్త్రవేత్తల సలహా. పై మట్టి తడిస్తే గింజ మొలుస్తుంది. అడుగున పదును లేకపోతే నాలుగు ఎండలకే మొలక మాడుతుంది.

వాతావరణ శాఖ సూచనను చదవడంలోనూ జాగ్రత్త అవసరం. 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా కురిస్తే అది 'మోస్తరు వర్షం' కిందికే వస్తుంది. అంటే ఆ మాట విత్తేందుకు చాలినంత వాన కావచ్చు, అందులో నాలుగో వంతే కావచ్చు. 'అక్కడక్కడ' అన్నప్పుడు జిల్లాలో నాలుగో వంతు చోట్లకు మించి వాన ఆశించరాదు. వచ్చే వారం సూచనలో 'చాలా చోట్ల' అన్న మాట వరుసగా రెండు మూడు రోజులు కనిపించి, సొంత మండలంలో వాన లెక్క నిండితేనే విత్తనం సంచి విప్పడం మేలు.

కల్లాల్లో ధాన్యం ఉన్నవారికి ఈ వారం టార్పాలినే రక్ష. కొనుగోలు కేంద్రాలలో తేమ 17 శాతం మించరాదు. ఒక్క జల్లుతో రెండు మూడు రోజుల ఆరబెట్టిన శ్రమ వృథా కాగలదు. నల్లగొండ బత్తాయి తోటలకు వానకంటె గాలి భయం ఎక్కువ. రాలిన కాయకు మార్కెట్టులో ధర ఉండదు.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాల వరి వ్యాపారులు స్థానిక జల్లులను చూసి వానకాలం పంటను అంచనా కట్టరాదు. సాగర్ ఎడమ కాలువకు నీరు రావాలంటే మహారాష్ట్ర, కర్ణాటకలలోని కృష్ణా ఎగువ పరీవాహకంలో వానలు పడి జూరాల, శ్రీశైలం నిండాలి.

తొలకరి ఆలస్యమైనా మెట్ట రైతుకు దారి మూసుకుపోదు. పత్తికి జూలై మూడో వారం దాటితే దిగుబడి తగ్గుతుంది గాని, ఆముదాన్ని జూలై నెలాఖరు వరకు విత్తుకోవచ్చు. ఒకప్పుడు ఈ రెండు జిల్లాల చల్కలకు పేరు తెచ్చిన పంట ఆముదమే. తర్వాత ఆ నేలల్లో చాలా భాగం పత్తికి మళ్లింది. పదునుకోసం పది రోజులు ఆగితే పోయేది కొద్ది దిగుబడి. మొలక మాడితే విత్తనం, కూలి, దుక్కి మూడూ మళ్లీ పెట్టుకోవాలి.