వెబ్‌సైటు నుంచి అంగడి అర దాకా – ఒక కందిపొడి ప్రయాణం

మన ఇళ్ళల్లో భోజనానికి వచ్చిన అతిథులు కందిపొడి రెండోసారి వడ్డించుకుంటూ తప్పకుండా అనే మాట ఒకటుంది. “ఇది మీరు అమ్మితే ఎంత బాగుంటుందండీ!” ఆ మాటకి నవ్వి ఊరుకుంటే ఏ గొడవా లేదు. మా ఆవిడ ఊరుకోలేదు. అందుకే ఈ వ్యాసం రాయాల్సివచ్చింది.

తనది తెనాలి. రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేది. 2007లో నన్ను చేసుకుని న్యూజెర్సీ వచ్చింది. హెచ్-4 వీసా మీద వచ్చిన ఆడపడుచులకి ఆ తర్వాతి కథ చెప్పక్కర్లేదు. చదువుంది, ఓపికుంది, పనిచేసే హక్కు మాత్రం లేదు. గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 మెట్టు దాటినవారి జీవిత భాగస్వాములకి పని అనుమతి ఇచ్చే నిబంధన 2015 మే నెలలో అమలులోకొచ్చింది. మరుసటి ఏడాది తన చేతికి ఆ కార్డు రాగానే చేసిన మొదటి పని, తన పేరు మీద ఒక చిన్న కంపెనీ నమోదు చేయించడం. రెండే సరుకులు: కందిపొడి, నువ్వుల కారప్పొడి.

పచ్చళ్ళు ఎందుకు పెట్టలేదని చాలామంది అడుగుతారు. పులుపుతో నిలవుండేలా సీసాలో పెట్టి అమ్మే పచ్చళ్ళలో చాలావాటికి ఇక్కడ ప్రత్యేక నిబంధనలున్నాయి. పీహెచ్ 4.6 దాటకూడదు. తయారీ విధానం ఎఫ్‌డీఏకి దాఖలు చెయ్యాలి. దగ్గరుండి చూసుకునే మనిషి అందుకు శిక్షణ పొంది ఉండాలి. పొడికి ఇంత తతంగం లేదు. అలాగని ఇంటి వంటగదిలో దంచి దుకాణానికి పంపిస్తామంటే మా న్యూజెర్సీలో కుదరదు. లైసెన్సున్న వంటశాలని గంటల లెక్కన అద్దెకి తీసుకుంది. వారానికి ఒక రోజు తెల్లవారుజామున వెళ్ళి వేయించి, పొడి కొట్టి, సీసాలకెత్తి మధ్యాహ్నానికి తిరిగొచ్చేది.

వెబ్‌సైటులో సీసా ధర 9.99 డాలర్లు. కొనేవాళ్ళు ఎక్కువగా స్నేహితులు, స్నేహితుల స్నేహితులు. సీసా పక్కన మా అత్తగారి ఫొటో, తెనాలి ఇంటి రోలు ఫొటో, నాలుగు పేరాల కథ. నెలకి వంద సీసాల దాకా వెళ్ళేవి. నేను హెచ్-1బీ మీద ఉన్నవాణ్ణి కాబట్టి ఆ వ్యాపారంలో వేలు పెట్టలేదు, పెట్టకూడదు కూడా. 2021లో గ్రీన్‌కార్డు వచ్చింది. వేలు పెట్టాను. అక్కడ మొదలైంది అసలు కథ!

నేను చేసిన లెక్క

2022 వేసవిలో ఆరు కొట్లున్న ఒక భారతీయ కిరాణా సంస్థవారు సరుకు పెట్టి చూస్తామన్నారు. కొనుగోళ్ళు చూసే ఆయన గుజరాతీ పెద్దమనిషి. “భాయ్‌సాబ్, మాకు 35 శాతం మార్జిన్ ఉండాలి” అన్నారు. మాస్టర్స్ చదివి, ఇరవై ఏళ్ళుగా బ్యాంకుల కంప్యూటర్లకి లెక్కలు నేర్పుతున్న నేను అక్కడికక్కడే బుర్రలో గుణించేశాను. సీసా 5.90కి ఇస్తే, దాని మీద 35 శాతం కలిపితే 7.97. అంటే అరలో 7.99. చేతులు కలిపాను.

అది మార్జిన్ లెక్క కాదు, మార్కప్ లెక్క. కొన్న ధర మీద కలిపేది మార్కప్. అమ్మే ధరలోంచి మిగిలేది మార్జిన్. కొట్టువాడు 7.99కి అమ్మి అందులో 35 శాతం మిగుల్చుకోవాలంటే మనం 5.19కే ఇవ్వాలి. సీసాకి 71 సెంట్ల తేడా. నేను 5.90 అన్నాను కాబట్టి, ఆయన తన లెక్క ప్రకారం అరలో 9.09 అని చీటీ అంటించాడు. తప్పు ఆయనది కాదు. కొట్టుకొచ్చినవాళ్ళకి పక్కనే మరో కంపెనీ పొడి అయిదు డాలర్లకి కనిపిస్తోంది.

ఇంకో పొరపాటు కూడా నాదే. ఒప్పందంలో “అమ్ముడుపోనివి తిరిగి తీసుకోవాలి” అన్న వాక్యం చదివి, మనవి మిగలవులే అనుకుని సంతకం పెట్టించాను. కేసుకి 24 సీసాలు, రెండు రకాలు, ఆరు కొట్లు: మొత్తం 288 సీసాలు. మూడు నెలలకి అమ్మినవి 97. తిరిగొచ్చినవి 191. పొడి నాణ్యత నిలిచేది ఆరు నెలలే. అందులో సగం పైగా అరలోనే అయిపోయింది. వాటిని ఇంకెవరికీ అమ్మలేం. ఆ శీతాకాలం మా ఇంటికొచ్చిన ప్రతివారికీ తాంబూలంతో పాటు కందిపొడి సీసా ఇచ్చి పంపాం.

డబ్బు లెక్కలో నష్టం ఏడువందల డాలర్లు దాటలేదు. కానీ సీసాలు గరాజులో దింపిన రాత్రి మా ఆవిడ అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది. “ఏమండీ, ఇన్నేళ్ళకి ఈ దేశంలో నా పేరు మీద ఉన్నది ఇదొక్కటే. దీన్నీ మీరు పైపైన చూశారు.” కోప్పడినా బాగుండేది. చాలా మెల్లగా అంది.

శనివారం నిలబడితే తెలిసింది

ఆ తర్వాత వచ్చిన శనివారం తనే ఓక్ ట్రీ రోడ్డు మీదున్న కొట్టుకి వెళ్ళి, మేనేజరుని అడిగి, పొడుల అరకి ఎదురుగా రెండు గంటలు నిలబడింది. చేతిలో చిన్న నోటుబుక్కు. నన్ను రావద్దంది, కారులో కూర్చున్నాను.

చూసిందేమిటంటే, ఒక మామ్మగారు సీసా తీసుకుని, ధర చూసి, జాగ్రత్తగా అక్కడే పెట్టేశారు. ఒక పంజాబీ అమ్మాయి సీసా తిప్పి తిప్పి చూసి “ఇది వండాలా, కూరలో వెయ్యాలా?” అని అడిగింది. ఒకాయన ఎదురుగా వెతికి, కనిపించక వెళ్ళిపోయాడు. మన సీసాలు కింది అరలో, వెనక్కి జరిగి ఉన్నాయి.

వెబ్‌సైటుకి వచ్చేవాళ్ళు మన పేరు వెతుక్కుంటూ వస్తారు. మన కథ చదువుతారు. కొట్లో అరముందు మనిషి ఆగేది రెండు మూడు క్షణాలు. అక్కడ అత్తగారి ఫొటో లేదు, పక్కన నిలబడి చెప్పే మనిషీ లేదు. పొట్లం తన సంగతి తనే చెప్పుకోవాలి. మా లేబుల్ మీద కంపెనీ పేరు పెద్దగా, “కందిపొడి” చిన్నగా ఉంది. ఎలా తినాలో ఎక్కడా లేదు.

లేబుల్ మార్చక తప్పని కారణం ఇంకొకటి కూడా వచ్చిపడింది. 2021లో చేసిన చట్టం ప్రకారం 2023 జనవరి 1 నుంచి అమెరికాలో నువ్వులు తొమ్మిదో ముఖ్య ఎలర్జీ పదార్థం అయ్యాయి. మా లేబుల్ మీద నువ్వులకి “జింజెల్లీ” అని ఉంది. మన ఊళ్ళో నూనె డబ్బాల మీద ఉండే మాట అదేగా! ఇక్కడి చట్టానికి ఆ మాట సరిపోదు, “సెసమి” అనే ఉండాలి. ఎలర్జీ ఉన్న పిల్లవాడి తల్లికి “జింజెల్లీ” అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? అచ్చువేయించిన రెండువేల లేబుళ్ళు చెత్తబుట్టలోకి పోయాయి.

పిల్లలకో చిన్న లెక్క

ఇక బార్‌కోడ్. ఇంటర్నెట్టులో ఎవరో చవకగా అమ్ముతుంటే పది కోడ్లు కొన్నాను (అవును, అదీ నేనే). అవి ఇంకో కంపెనీ పేరు మీద నమోదైనవి. పెద్ద కొట్లు కోడ్ ఎవరిదో చూసుకుంటాయి. చివరికి జీఎస్1 యూఎస్ సంస్థ నుంచి మా పేరు మీదే తీసుకున్నాం.

పిల్లలూ, బార్‌కోడ్ కింద 12 అంకెలు ఎప్పుడైనా గమనించారా? చివరి అంకె కాపలాదారు. ముందున్న 11 అంకెల్లో 1, 3, 5, 7, 9, 11 స్థానాల్లో ఉన్నవి కూడి మూడుతో గుణించండి. మిగిలిన వాటి మొత్తం దానికి కలపండి. వచ్చిన దాన్ని తర్వాతి పదికి చేర్చడానికి ఎంత కావాలో అదే చివరి అంకె. ఉదాహరణకి 12345678901 తీసుకోండి. 1+3+5+7+9+1 = 26, మూడింతలు 78. 2+4+6+8+0 = 20. మొత్తం 98. వందకి రెండు తక్కువ, కాబట్టి చివరి అంకె 2. ఏ అంకెనైనా యంత్రం తప్పుగా చదివితే ఈ లెక్క కుదరదు, దానికి తెలిసిపోతుంది. ఈ కోడ్‌తో మొట్టమొదటగా అమ్మిన వస్తువు రిగ్లీ చూయింగ్ గమ్ పొట్లం, 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్ళో. ఇంట్లో ఉన్న పొట్లాల మీద లెక్క వేసి చూడండి.

రెండోసారి

2023 వసంతంలో మా ఆవిడ మళ్ళీ అదే పెద్దమనిషి దగ్గరికి వెళ్ళింది. ఈసారి లెక్క అరలో ధర దగ్గర మొదలుపెట్టి వెనక్కి వచ్చింది. కొనేవాళ్ళు 7.49 అయితే తీసుకుంటారు. అందులో కొట్టుకి 35 శాతం పోతే మనకొచ్చేది 4.87. గాజు సీసా మానేసి, నిలబడే పొట్లంలోకి మార్చడంతో ఖర్చు 3.60 నుంచి 2.70కి తగ్గింది. మిగిలేది 2.17. అందులోంచే పెట్రోలు, రుచి చూపించే ఖర్చు, చిరిగిన పొట్లాలు. కేసుకి 24 బదులు 6. ఆరు కొట్లు కాదు, రెండే. తిరిగి తీసుకునే షరతు బదులు, అమ్ముడుపోకపోతే కొత్త పొట్లాలతో మార్చిస్తానంది. ఆయన ఒప్పుకున్నారు.

కొత్త పొట్లం మీద అన్నిటికన్నా పెద్దగా “కందిపొడి”, దాని కింద ఒక్క వాక్యం: “వేడి అన్నం, నెయ్యి, ఒక చెంచా పొడి”. ముఖభాగం అడుగున 30 శాతం లోపల ఔన్సుల్లోనూ గ్రాముల్లోనూ బరువు, నిబంధన ప్రకారం. రెండు శనివారాలు తనే రైస్ కుక్కరు పట్టుకెళ్ళి కాగితపు కప్పుల్లో ముద్ద కలిపి రుచి చూపించింది. వెనకాల నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడ్డ మనిషిని నేనే.

ఇప్పుడు పద్నాలుగు కొట్లలో ఉంది. మధ్యలో ఒక పంపిణీదారు వచ్చాడు. అతని 25 శాతం పోతే మనకి పొట్లానికొచ్చేది 3.65, మిగిలేది 95 సెంట్లు. మన కారు వెళ్ళలేని దూరపు ఊళ్ళకే అతనికిచ్చింది. 2024లో ఒక పెద్ద అమెరికన్ సూపర్‌మార్కెట్ సంస్థ నుంచి కబురొచ్చింది. అరవై కొట్లు! నేను ఎగిరి గంతేశాను. తను కాగితం తీసింది. ప్రతి కొట్టుకీ ప్రతి రకం మొదటి కేసు ఉచితంగా ఇవ్వాలి: 720 పొట్లాలు, 1,944 డాలర్లు. ఆ తర్వాతి సరుకుకి డబ్బు అరవై రోజులకి. వారానికి ఒక్క రోజు అద్దె వంటశాల. “ఇప్పుడు కాదండీ” అంది. నేను నోరు మెదపలేదు, నేర్చుకున్నాను కదా!

మీలో ఎవరైనా ఇంటి సరుకుని కొట్లలో పెట్టాలనుకుంటే మా అనుభవంలోంచి నాలుగు మాటలు. అరలో ధర దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వెయ్యండి. తయారుచేసే చోటు ఎఫ్‌డీఏ దగ్గర నమోదై ఉందో లేదో చూసుకోండి. దానికి రుసుము లేదు, సరిసంఖ్య సంవత్సరాల్లో అక్టోబరు, డిసెంబరు మధ్య పునరుద్ధరించాలి. మీ సరుకు వల్ల ఎవరికైనా హాని జరిగితే ఆదుకునే బీమా తీసుకోండి. మమ్మల్ని మొదటి కొట్టే అడిగింది. రెండు కొట్లతో మొదలుపెట్టి, ఒక శనివారం అరముందు నిలబడండి.

పోయిన ఏడాది మా అత్తగారు వచ్చారు. కొట్టుకి తీసుకెళ్ళి అరలో పొట్లాలు చూపించాం. ఆవిడ చాలాసేపు చూసి, మెచ్చుకుంటారనుకుంటే, “ఏమిటే, ఇలా వెనక్కి పెట్టారు, ఎవరికి కనిపిస్తాయి?” అని కూతుర్ని కసిరి, కొంగు నడుముకి చుట్టి, వరసంతా ముందుకి జరిపారు. తర్వాత ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టి “డబ్బిచ్చి కొను బాబూ, ఊరికే తీసుకోకూడదు” అన్నారు.

కౌంటరు దగ్గర బీప్ మంది. 7.49 ఇచ్చి కొన్నాను.