వెండితెర మాయం చేసిన మనవాళ్లు

కెప్టెన్ నీమో అనగానే చాలామందికి 1954 నాటి డిస్నీ సినిమాలోని గడ్డం దొర, జేమ్స్ మేసన్ గుర్తొస్తాడు. జూల్స్ వెర్న్ నవలల ప్రకారం నీమో దొర కాదు, మనవాడే! బుందేల్‌ఖండ్ రాజు కొడుకు, ప్రిన్స్ డక్కర్. టిప్పు సుల్తాన్‌కు బంధువు కూడా. 1857 తిరుగుబాటులో ఇంగ్లీషువాళ్లతో పోరాడి, అయినవాళ్లందరినీ పోగొట్టుకుని, చివరికి సముద్రగర్భంలో తలదాచుకున్నాడు.

వెర్న్ మొదట అనుకున్నది మాత్రం వేరు. నీమోను రష్యా జార్ మీద పగబట్టిన పోలండ్ ప్రభువుగా రాద్దామనుకున్నాడు. అలా రాస్తే రష్యాలో పుస్తకం గతేమిటని ప్రచురణకర్త హెట్జెల్ అడ్డుపడ్డాడు. దాంతో 1869-70లో వచ్చిన తొలి నీమో నవలలో అతనిది ఏ దేశమో చెప్పకుండానే కథ ముగించాడు. అయినా ఒకచోట ఆనవాలు దొరుకుతుంది. సింహళ తీరంలో ముత్యాల కోసం మునిగిన ఒక పేద భారతీయుణ్ణి నీమో సొరచేప నోటినుంచి కాపాడి, చేతిలో ముత్యాల సంచి పెడతాడు. అణగారిన ఆ దేశపు జనంలో తానూ ఒకణ్ణేనంటాడు. అసలు గుట్టు విప్పింది 1874-75లో, ‘మిస్టీరియస్ ఐలాండ్’ నవలలో. రెండు నవలల తేదీలు పక్కపక్కన పెడితే లెక్క కుదరదు. మొదటి దాంట్లో 1867-68లో జరిగిన ప్రయాణం, రెండో దాంట్లో 1868 నాటికే ఎన్నో ఏళ్ల కిందటి ముచ్చట! ఇక తెరమీద నీమోగా నసీరుద్దీన్ షా కనిపించింది 2003లో, ‘ది లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్‌మెన్’లో.

వ్యోమనౌకలో మనుషుల్ని చంపిన కంప్యూటర్ హాల్ 9000 తెలియనివాళ్లు తక్కువ. దాన్ని తయారుచేసిన గురువు డాక్టర్ చంద్ర. ఆర్థర్ సి. క్లార్క్ 1982లో రాసిన ‘2010’ నవలలో ఆయన పూర్తి పేరు శివసుబ్రమణియన్ చంద్రశేఖరంపిళ్లై. 1956 నుంచీ శ్రీలంకలోనే కాపురమున్న రచయితకు ఇలాంటి పేరు తట్టడంలో వింతేముంది? 1984లో సినిమా తీసినప్పుడు చంద్ర వేషం బాబ్ బలబాన్ అనే అమెరికన్ నటుడికి వెళ్లింది.

ఆండీ వియర్ రాసిన ‘ది మార్షియన్’లో అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకుపోయి బంగాళాదుంపలు పండించే మార్క్ వాట్నీ అందరికీ ఇష్టుడు. అతణ్ణి వెనక్కి తెచ్చేందుకు నాసాలో తలపట్టుకునే అధికారి పేరు వెంకట్ కపూర్. వెంకట్‌కు కపూర్ ఇంటిపేరు ఎలా అతికిందో రచయితకే తెలియాలి! ఆ వేషానికి ముందు ఇర్ఫాన్ ఖాన్‌ను అడిగారు. ‘పీకూ’ సినిమా ఒప్పుకుని ఉన్నందున ఆయనకు వీలు పడలేదు. 2015 సినిమాలో వెంకట్ కాస్తా విన్సెంట్ అయ్యాడు. అన్నట్టు, వాట్నీ అలా ఒంటరి కావడానికి కారణమైన దుమ్ము తుఫాను అసలు జరిగే పని కాదు. అంగారకుడి మీద వాతావరణ పీడనం మన భూమ్మీది దాంట్లో నూరో వంతుకన్నా తక్కువ. ఎంత వేగంగా వీచినా ఆ గాలికి మనిషిని ఎత్తి విసిరేసేంత బలముండదు. కథ కోసం తెలిసే అలా రాశానని వియర్ ఒప్పుకున్నాడు.

మనవాళ్ల పాత్రలు ఇతరులకు వెళ్లే ఈ తంతు ఫ్రాంకెన్‌స్టయిన్ విషయంలో తిరగబడింది. అది రాక్షసుడి పేరు కాదు, వాణ్ణి పుట్టించిన విద్యార్థిది. 1816లో మేరీ షెల్లీ ఈ కథ మొదలుపెట్టేనాటికి ఆమెకు 18 ఏళ్లు. ఆమె రాక్షసుడు పళ్లు, కాయలు తిని బతుకుతాడు, మిల్టన్‌ను చదువుతాడు, గంటలకొద్దీ వాదిస్తాడు. మెడలో బోల్టులు, మూగ మూలుగులు 1931 సినిమా తగిలించినవి. ఆ వేషం కట్టిన బోరిస్ కార్లాఫ్ పూర్వీకుల్లో భారతీయులున్నారు. తండ్రి ఇక్కడి ఉప్పు పన్నుల శాఖ ఉద్యోగి.

తెర మాయం చేసినవాళ్ల సంగతి అలా ఉంచితే, కథలో నిజంగానే మాయమైనవాడు వెల్స్ రాసిన అదృశ్య మానవుడు గ్రిఫిన్. అసలు కంటికి కనిపించని మనిషికి కళ్లు కనిపించవు! కంటి వెనుక పొరకూడా పారదర్శకమైతే వెలుగు నిలిచే చోటుండదని సోవియట్ రచయిత పెరెల్మాన్ తేల్చాడు. వెల్స్ మరీ అంత అమాయకుడేం కాదు. 1897 నవలలో గ్రిఫిన్ అద్దం ముందు నిలబడితే, కళ్ల వెనుక మంచులాంటి పల్చటి రంగు మాత్రం మిగిలి ఉంటుంది. అంతకుముందు అతను ప్రయోగం చేసిన పిల్లికైతే గోళ్లు, కళ్లు మాయం కావు.

మళ్లీ మనవాళ్ల దగ్గరికి వద్దాం, ఒక దొర మీదుగా. కానన్ డాయిల్ సృష్టించిన కోపిష్టి ప్రొఫెసర్ ఛాలెంజర్‌కు మూలం, ఎడిన్‌బరోలో ఆయనకు పాఠం చెప్పిన విలియం రూథర్‌ఫర్డ్. పెట్టుడు గడ్డంతో తానే ఛాలెంజర్‌గా ఫొటో దిగాడు డాయిల్. ఆ ఛాలెంజర్‌కే కాస్త సాధుస్వభావం అద్దితే సత్యజిత్ రాయ్ ప్రొఫెసర్ శంకు అయ్యాడు. గిరిడీలో ఇల్లు, న్యూటన్ అనే పిల్లి, ఒక్క మాత్రతో ఆకలి తీర్చే మర్రిపండు మందు ఆయన ఆస్తి. 1961లో వచ్చిన తొలి కథలో శంకు డైరీ సుందర్‌బన్స్‌లో ఉల్క పడిన గోతిలో దొరుకుతుంది. నిప్పులో వేసినా కాలదు, లాగినా చిరగదు. ఆఖరికి దాన్ని చీమలు తినేస్తాయి.