పాలు ఎందుకు పడవు?

పిల్లలూ! మా పామిడిముక్కల వైపు గేదె లేని వీధి ఉండదు. అలాంటి చోట ఒక తల్లి వచ్చి "మా వాడికి పాలు పడవండీ మాస్టారూ" అంటే వింతగా ఉండదూ?

ఏడో తరగతి చదివే ఆ కుర్రవాడు పొద్దున్నే గ్లాసుడు గేదెపాలు తాగి బడికి వస్తాడు. రెండో పీరియడు అయ్యేసరికి కడుపు పట్టుకుని కూర్చుంటాడు. ఉబ్బరం, గుడగుడలు, ఒక్కొక్కనాడు విరేచనాలు. "బడి ఎగ్గొట్టడానికి వేషాలు!" అని తోటివాళ్ళ ఎగతాళి. తల్లి మందుల షాపులో అడిగి ఒక అరుగుదల టానిక్కు తెచ్చి రెండు నెలలు పట్టించింది. గుణం కనిపించలేదు. ఆ సీసా నాకు చూపించి, "ఇందులో ఎంజైములు ఉన్నాయన్నారు గదండీ, మరి ఎందుకు పనిచేయలేదు?" అని అడిగింది. చక్కని ప్రశ్న! జవాబు వెతుకుదాం.

తాళానికి తగిన చెవి

మనం తినే అన్నం, పప్పు, నెయ్యి ఉన్నవి ఉన్నట్లు రక్తంలో కలవలేవు. వాటి అణువులు చాలా పెద్దవి. వాటిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టేవే ఎంజైములు. లాలాజలంలోని అమైలేజ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది. జీర్ణాశయంలోని పెప్సిన్ మాంసకృత్తులను, క్లోమరసంలోని లైపేజ్ కొవ్వులను విడగొడతాయి. ఒకదాని పని మరొకటి చేయదు. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్ 1894లోనే దీనిని తాళంతోనూ, తాళంచెవితోనూ పోల్చాడు.

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. 200 మిల్లీలీటర్ల పాలలో ఇది సుమారు 10 గ్రాములు. గ్లూకోజు, గాలక్టోజు అనే రెండు చక్కెరలు జతగూడితే లాక్టోజ్. ఈ జతను విడదీసే ఎంజైము పేరు లాక్టేజ్. ఇది చిన్నప్రేగు లోపలి గోడలో ఉంటుంది. పసిబిడ్డలో పుష్కలంగా ఉండే లాక్టేజ్, తల్లిపాలు మానిన కొన్నేళ్ళకు చాలామందిలో తగ్గిపోతుంది. అప్పుడేమవుతుంది? విడిపోని లాక్టోజ్ నీటిని తనవైపు లాక్కుంటూ పెద్దప్రేగుకు చేరుతుంది. అక్కడి బాక్టీరియా దానిని పులియబెట్టి వాయువులు పుట్టిస్తాయి. ఉబ్బరానికీ, విరేచనాలకూ కారణం అదే. అది వేషం కాదు!

ఇది అరుదైన సంగతి కూడా కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో వినోదిని రెడ్డి సహపరిశోధకులతో కలిసి భారతీయుల్లో లాక్టేజ్ లోపాన్ని పరిశీలించి 1972లో పత్రం ప్రచురించారు. 1981లో వెలువడిన మరో పరిశీలనలో, పరీక్షించిన దక్షిణాది వారిలో నూటికి 66 మందికి, ఉత్తరాది వారిలో 27 మందికి లాక్టోజ్ సరిగా పడలేదు.

సీసా మీద ఏముంది?

ఆ సీసా మీది చిన్న అక్షరాలు చదివాను. అందులో ఉన్నవి డయాస్టేజ్, పెప్సిన్. మొదటిది పిండిపదార్థానికి, రెండోది మాంసకృత్తులకు. లాక్టేజ్ లేనే లేదు! వేరే తాళానికి చేసిన చెవితో రెండు నెలలు ప్రయత్నించారన్నమాట.

చేసి చూడండి

పలుచని గంజిని చల్లార్చి మూడు గాజు గొట్టాలలో కొద్దికొద్దిగా పోయండి. మొదటి దానిలో కొంచెం నీరు, రెండో దానిలో అంతే లాలాజలం, మూడో దానిలో మరిగించి చల్లార్చిన లాలాజలం కలపండి. పావుగంట ఆగి ఒక్కొక్క చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి. మొదటిది, మూడోది నీలమవుతాయి. రెండో దానిలో నీలం రాదు, లేదా బాగా తగ్గుతుంది. అక్కడ పిండిపదార్థం విడిపోయింది. మరిగిస్తే ఎంజైము చెడిపోతుందని కూడా తెలిసిందిగదా!

మరి లాక్టేజ్ మందు?

ఈస్టు నుండి, కొన్ని బూజుల నుండి తీసిన లాక్టేజ్ చుక్కలుగా, బిళ్ళలుగా దొరుకుతోంది. చుక్కలను కాచి చల్లార్చిన పాలలోనే కలపాలి, వేడి పాలలో కాదు. బిళ్ళను పాలతోపాటు వేసుకోవాలి. అది ఆ పూట తాగిన పాలకే సాయపడుతుంది. లోపల లాక్టేజ్‌ను పెంచదు.

ఇక్కడొక హెచ్చరిక. పాల మాంసకృత్తుల వల్ల వచ్చే ఎలర్జీ వేరు. దద్దుర్లు, ఆయాసం, పెదవుల వాపు వస్తే లాక్టేజ్ కాపాడలేదు; వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధికి కూడా ఎంజైము బిళ్ళలు మందు కావు. బరువు తగ్గడం, మలంలో రక్తం, జ్వరం ఉంటే సొంతవైద్యం చేస్తూ కాలం గడపరాదు. అందుకే ఏ ఎంజైమైనా డాక్టరు చూసి చెప్పిన తరువాతే పిల్లలకు ఇవ్వాలి.

ఆ తల్లి కొడుకును డాక్టరుకు చూపించింది. ఆయన సలహాపై రెండు వారాలు పాలు ఆపారు. కడుపు నెమ్మదించింది. తరువాత పెరుగన్నం, మజ్జిగ మొదలుపెట్టారు. ఏ బాధా రాలేదు. ఎందుకంటారా? తోడువేసినప్పుడు బాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తాయి. పైగా వాటిలోని లాక్టేజ్ మన ప్రేగులో కూడా కొంత పని చేస్తుంది. అన్నంతోపాటు కొద్దిగా పాలు తీసుకుంటే చాలామందికి ఇబ్బంది ఉండదు. కాబట్టి ఎముకలకు కావలసిన కాల్షియం పెరుగు నుండి, రాగుల నుండి, ముల్లుతో తినే చిన్న చేపల నుండి అందుతుంది.

ఇప్పుడా కుర్రవాడు రెండో పీరియడులో హాయిగా లెక్కలు చేస్తున్నాడు. మీ తరగతిలో ఎవరైనా "నాకు పాలు పడవు" అంటే నవ్వకండి. కారణం ఏమిటో మీకు తెలుసుగదా!