ఐదవ నంబరు పుస్తకము

కుటుంబమునకు కలహము లేకుండ ఆస్తి అప్పగించుటెట్లో ఆదివారపు సంచికకు వ్రాయుమని సంపాదకులు కోరిరి. గడువు ముంచుకొని వచ్చుచుండగా తిరుగవేసిన చట్టములన్నిటిలో నన్ను పట్టి నిలిపినది 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమున 42 మొదలు 46 వఱకు గల సెక్షనుల చిన్న భాగము.

వీలునామా వ్రాసినవాడు దానిని కవరులో నుంచి, సీలు వేసి, పైన తన పేరును, లోనున్న పత్రమెట్టిదో ఆ వివరమును వ్రాసి, స్వయముగా గాని అధికారమిచ్చిన ఏజెంటు ద్వారా గాని జిల్లా రిజిస్ట్రారునకు అప్పగింపవచ్చును. రిజిస్ట్రారు దానిని విప్పి చదువడు. కవరుపై వ్రాతను ఐదవ నంబరు పుస్తకమున ఎక్కించి, అది అందిన సంవత్సరమును, మాసమును, దినమును, గంటను సైతము నమోదు చేసి, తెచ్చినవాని ఆనవాలు చెప్పినవారి పేర్లను, సీలుపై చదువనగు అక్షరములున్నచో వానిని గూడ వ్రాసికొని, నిప్పంటని పెట్టెలో ఆ కవరును భద్రపరచును. మనసు మారినచో వ్రాసినవాడు దానిని వెనుకకు తీసికొనవచ్చును. అతడు గతించిన పిదప ఎవరైనను దరఖాస్తు పెట్టి, ఆ మరణమును రిజిస్ట్రారు నమ్మునట్లు చూపినచో, దరఖాస్తుదారుని సమక్షముననే కవరు తెరచి, అతని ఖర్చుతో అందలి విషయమును మూడవ నంబరు పుస్తకమున నకలు చేయించి, అసలు ప్రతిని మరల పెట్టెలోనే ఉంచును.

ఈ ఏర్పాటుపై నాకు మిక్కిలి మక్కువ కలిగినది. తండ్రి జీవించియుండగా ఏ బిడ్డకేమి వ్రాసెనో తక్కినవారికి తెలిసినచో పండుగ పూటకైనను ఆ పిల్లలు ఒక పంక్తిని కూర్చుండరు. బీరువాలో దాచినచో, దానిని ముందుగా తెరచినవారి చేతిలో ఆ కాగితము మిగులునో లేదో చెప్పజాలము. ఈ రెండు భయములను ఒక్క కవరుతో తీర్చు సౌకర్యము నూరేండ్లకు పైబడి చట్టములో ఉండగా, నేనెరిగిన కుటుంబములలో దాని పేరెత్తినవారే లేరు.

వీలునామాల చరిత్రను క్లుప్తముగా చెప్పవలెనన్న, 1870లో హిందూ విల్లుల చట్టమును, 1925లో భారత వారసత్వ చట్టమును వచ్చినవి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము హిందువును ఉమ్మడి ఆస్తిలోని తన వాటాను సైతము వీలునామాతో ఇయ్యనిచ్చినది. 1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశము, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు పిత్రార్జితమున కొడుకులతో సమానహక్కు నొసగగా, 2005లో దేశమంతటను కుమార్తెలకు ఆ హక్కు లభించినది. కావున పిత్రార్జితమంతయు కొడుకులకే అని వ్రాయు తండ్రి తన వాటాకు మించి ఇయ్యజాలడు.

విడిగా చెప్పవలసినవి
వీలునామాకు స్టాంపు అక్కరలేదు, తెల్లకాగితము చాలును, రిజిస్ట్రేషను ఐచ్ఛికము. బ్యాంకు డిపాజిట్టుకు వ్రాసిన నామినీ సొమ్మును అందుకొనువాడే గాని యజమాని కాడు. కంపెనీ వాటాల విషయమునను అంతేయని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చినది. ముస్లిములు అంత్యక్రియల ఖర్చును, అప్పులును పోగా మిగిలినదానిలో మూడవ వంతుకు మించి వ్రాయవలెనన్న వారసుల సమ్మతి కావలెను. ఇల్లును బిడ్డకు దానపత్రముగా ఇచ్చివేయు తల్లిదండ్రులు తమ పోషణభారము ఆ బిడ్డదేయని అందులో షరతు వ్రాయించుకొనవలెను. మాట తప్పినచో 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టము క్రింద దానిని రద్దు చేయించుకొనుటకు ఆ షరతే ఆధారము.

అయినను నిప్పంటని పెట్టె కాగితమునే కాపాడును. దానిపైని సంతకము నిజమని చెప్పవలసినది మనుష్యుడు. కనీసము ఇద్దరు సాక్షులు, వ్రాసినవాడు సంతకము చేయగా చూచియో, అది తనదేయని అతడు చెప్పగా వినియో, అతని యెదుట తామును సంతకము చేయవలెను. లోపలి సంగతి వారికి తెలియనక్కరలేదు. వ్యాజ్యము వచ్చిననాడు ఆ ఇరువురిలో జీవించియున్న ఒక్కరినైనను కోర్టుకు పిలువవలసినదే. రిజిస్టరైన వీలునామాకును ఇందు మినహాయింపు లేదు. ఇట్టి బాధ్యతను కచేరీ వరండాలో ఆ పూటకు దొరికినవారికి అప్పగించుట నాకు ఘోరమైన అజాగ్రత్తగా తోచుచున్నది. సాక్షులిద్దరును గతించినచో, వారిలో ఒకరి చేవ్రాతను, వ్రాసినవాని సంతకమును గుర్తుపట్టగలవారిని వెదకవలసి వచ్చును. కావున వృద్ధుడు తన యీడు మిత్రులను గాక, వయసున చిన్నవారిని, ఊరు విడువనివారిని, వీలైనచో తనకు వైద్యము చేయు డాక్టరును పిలిచి, వారి పూర్తి చిరునామాలను పత్రములోనే వ్రాయించుకొనవలెను.