నొప్పి నేర్పిన వృత్తి

వైద్యవిద్యా ప్రవేశాల కాలం వచ్చిందంటే మన ఇళ్ళలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: “ఎం.బి.బి.ఎస్. సీటు రాకపోతే బి.డి.ఎస్.లో అయినా చేర్పిద్దాం.” ఆ ‘అయినా’లోనే దంతవైద్యం పట్ల మనకున్న చిన్నచూపు దాగి ఉంది. అయితే ఈ వృత్తిని మొదటి కోరికగా ఎంచుకునే పిల్లలూ ఉన్నారు. ఒకప్పుడు తాము రోగులుగా దంతవైద్యుని కుర్చీలో కూర్చున్న అనుభవమే తమను ఇటు నడిపించిందని వారిలో కొందరు చెబుతారు.

ఇందులో ఆశ్చర్యం లేదు. మన నల్గొండ, ప్రకాశం జిల్లాల సంగతే చూద్దాం. తాగునీటిలో ఫ్లోరైడ్ మోతాదు మించితే, పళ్ళు రూపొందే వయసులోని పిల్లలకు ఎనామిల్‌పై గోధుమరంగు మరకలు ఏర్పడతాయి. ఎంత తోమినా అవి పోవు. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గుర్తించారు. నోటికి చేయి అడ్డుపెట్టుకొని నవ్వే బాలికకు ఒక వైద్యురాలు ఆ మరకలను సరిచేస్తే, ఆ చిన్నారి మనసులో కృతజ్ఞతతో పాటు ‘నేనూ ఈ పని చేయాలి’ అన్న ఆశ కూడా మొలకెత్తుతుంది. చేదు అనుభవమూ అంతే. గద్దించిన వైద్యుని వద్ద ఏడ్చిన పిల్లవాడు, తాను మృదువుగా చికిత్స చేసే వైద్యుడు కావాలని తలచవచ్చు.

రోగి బాధ తెలిసినవారే ఈ శాస్త్రాన్ని ముందుకు నడిపారు. 1844 డిసెంబరు 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరెస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ పీల్చి, తన పన్నునే తోటి వైద్యునిచేత తీయించుకున్నాడు. నొప్పిలేని చికిత్సకు అది బాట వేసింది. అంతకు ఎనిమిది శతాబ్దాల క్రితమే కార్డోబా శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ తన 30 భాగాల ‘అత్తస్రీఫ్’ గ్రంథంలో పళ్ళ గార గీకే పరికరాలను బొమ్మలతో సహా వివరించాడు.

అయితే అనుభవం ఒక్కటే చాలదు. కుర్చీలో కూర్చున్న రోగికి వైద్యుని శ్రమ కనిపించదు. నీట్‌లో అర్హత, నాలుగేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపై రోజంతా మెడ వంచి చిన్న అద్దంలో చూస్తూ వేలికొసలతో చేసే పని, సొంత క్లినిక్‌కు పెట్టుబడి, ఇవన్నీ తెలిశాకనే నిర్ణయించాలి. తెలిసిన దంతవైద్యుని వద్ద, రోగుల అనుమతితో, పిల్లలు కొన్ని రోజులు పనిని గమనించడం మేలు.

ఆడపిల్లల విషయంలో మరొక సంగతి ఉంది. పురుష వైద్యుని ముందు నోరు తెరవడానికి బిడియపడి, పంటి నొప్పిని నెలల తరబడి ఓర్చుకునే తల్లులు, అత్తలు మన కుటుంబాలలో ఉన్నారు. వైద్యం ఆలస్యమైతే చిన్న పుచ్చు వేరుదాకా పాకి, చివరకు పన్నునే తీయవలసి వస్తుంది. ఈ అవస్థను కళ్ళారా చూసిన అమ్మాయి దంతవైద్యం చదువుతానంటే ఆ కోరికను తేలికగా తీసివేయరాదు.

దంతశుభ్రతకు దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఇచ్చిన ప్రాధాన్యం మనకు తెలిసినదే. ఏ పనికైనా విలువ సంకల్పాన్ని బట్టి ఉంటుందని మన ధర్మం నేర్పుతుంది. కాబట్టి బిడ్డ కోరికను వినేటప్పుడు ర్యాంకుతో పాటు దాని వెనుకనున్న సంకల్పాన్ని కూడా అడిగి తెలుసుకుందాం. తమ బాధను ఇతరుల ఉపశమనంగా మార్చగల శక్తిని అల్లాహ్ మన పిల్లలకు ప్రసాదించుగాక! ఆమీన్.